చేత్తో కప్పి చూడండి

బొమ్మల గురించి పాఠకుల ప్రశ్నలు, తిరుపతి డ్రాయింగ్ మాస్టారి జవాబులు

ప్రశ్న: నేను తిరుపతిలో బ్యాంకు ఉద్యోగిని. మా కొలీగ్ ఒకాయన వాటర్ కలర్స్ వేస్తారు. వచ్చే నెల ఆయన బొమ్మలతో చిన్న ప్రదర్శన పెడుతున్నాం. ప్రారంభం రోజు నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. బొమ్మలన్నీ చూశాను. తలకోన జలపాతం బొమ్మ బాగా నచ్చింది కూడా. కానీ ‘రంగులు అద్భుతం, ప్రకృతిని కళ్లకు కట్టారు’ అన్న రెండు ముక్కలు దాటి మాట రావడం లేదు. నాకు సరిగా గీత గీయడం కూడా రాదు. అలాంటిదాన్ని ఒకరి బొమ్మ గురించి మంచీ చెడూ చెప్పవచ్చా? ఈ విద్య ఎలా నేర్చుకోవాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చెప్పవచ్చమ్మా. గీయడం రాకపోయినా ఫరవాలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టుకోండి. మీరనే ప్రతి మాటకూ బొమ్మలో ఒక చోటు ఉండాలి. ‘ఎక్కడ?’ అని పక్కవాళ్లు అడిగితే వేలు పెట్టి ‘ఇదిగో, ఇక్కడ’ అని చూపించగలగాలి. చూపించలేని మాట ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ‘ప్రకృతిని కళ్లకు కట్టారు’ అనే మాట ఏ జలపాతం బొమ్మకైనా సరిపోతుంది. బొమ్మ చూడకుండానే అనేయొచ్చు. వేసినాయనకు కూడా ఆ సంగతి తెలుస్తుంది, నవ్వి నమస్కారం పెట్టి ఊరుకుంటాడు.

మనం చూస్తున్నామనుకుంటాం గానీ సరిగా చూడం. తిరుపతిలో ఉండి శ్రీవారి పటం చూడనివాళ్లు ఉండరు కదా. ఒకసారి కళ్లు మూసుకుని చెప్పండి. స్వామి కింది కుడిచెయ్యి ఎలా ఉంది? కింది ఎడమచెయ్యి ఎక్కడుంది? శంఖం ఏ వైపు? నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారుగా ఉన్నన్నాళ్లూ ఏ ఊరికి బదిలీ అయినా మొదటి క్లాసులో పిల్లల్ని ఇదే అడిగేవాణ్ణి. రోజూ పటానికి దణ్ణం పెట్టుకుని వచ్చే పిల్లలే. చాలామంది చెయ్యి పైకెత్తి అభయహస్తం పెట్టి చూపించేవాళ్లు. స్వామి కుడి అరచెయ్యి మనవైపు తిరిగి, వేళ్లు కిందికి, పాదాల వైపు ఉంటాయి. ఎడమచెయ్యి తొడమీద ఆనించి ఉంటుంది. శంఖం ఎడమ, చక్రం కుడి. (మీరిప్పుడు లేచి గోడ దగ్గరికి వెళ్లారు కదూ? వెళ్లండి, తప్పులేదు.)

అందుకని మొదటి పని పేర్లు రాసుకోవడం. కాగితం తీసుకుని బొమ్మలో ఉన్నవన్నీ వరసగా రాయండి. నామవాచకాలే, విశేషణాలు వద్దు. రాయి, నీళ్లు, చెట్టు, మనిషి, మనిషి నీడ. మధ్యలో ‘అందమైన’ అని దొర్లితే కొట్టేయండి. పని చప్పగానే ఉంటుంది. కానీ జాబితా కాస్త పొడుగయ్యేసరికి అప్పటిదాకా కనబడనిది ఏదో ఒకటి కనబడుతుంది. మా పిల్లల జాబితాల్లో ‘నీడ’ ఎప్పుడూ చివర్లోనే వచ్చేది.

ఆ తర్వాత కాస్త వెనక్కి జరిగి, కళ్లు చికిలించి చూడండి. వివరాలు పోయి వెలుగు ముద్దలూ చీకటి ముద్దలూ మిగులుతాయి. మీ చూపు మొదట ఎక్కడ పడింది, అక్కడినుంచి ఎటు పోయింది, ఎక్కడ ఇరుక్కుంది, ఇది గమనించుకోండి. చిత్రకారులు తమ బొమ్మను తాము పరీక్షించుకునేదీ ఇలాగే. కొందరు బొమ్మను తలకిందులుగా పెడతారు, కొందరు అద్దంలో చూస్తారు.

ఇక నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఒకటుంది. బొమ్మలో ఒక భాగాన్ని చేత్తో కప్పేయడం. బొమ్మను తాకకుండా, మన కంటికి దగ్గరగా చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాలి. కప్పితే ఏం పోయిందో అదే ఆ భాగం చేస్తున్న పని. ఏమీ పోలేదనుకోండి, అదీ చెప్పదగ్గ సంగతే.

రవివర్మ శకుంతలను మీరు క్యాలెండర్లోనైనా చూసి ఉంటారు. ముల్లు తీసుకునే నెపంతో ఆగి, చెలి భుజం మీద చెయ్యి వేసి, పాదం ఎత్తి, తల వెనక్కి తిప్పి చూస్తుందే, ఆ బొమ్మ. ఫోన్లో తెరిచి పెట్టుకోండి. ఎత్తిన పాదాన్ని బొటనవేలితో కప్పండి. వెనక్కి తిరిగి చూసిన ఒక అమ్మాయి మిగిలింది, అంతే. ఎందుకు ఆగిందో తెలియదు. ఇప్పుడు పాదం వదిలేసి తలను కప్పండి. నిజంగానే ముల్లు గుచ్చుకున్న పిల్ల అయిపోయింది. ఆమె ఆడుతున్న అబద్ధం మాయమైంది. అంటే ఈ బొమ్మలో కథంతా పాదానికీ మెడకూ మధ్య ఉంది. పాదం చెలికత్తెలకు ఒక మాట చెబుతోంది, మెడ మనకు ఇంకో మాట చెబుతోంది. పైగా ఆమె ఎవరికోసం చూస్తోందో ఆ దుష్యంతుడు బొమ్మలో లేనే లేడు. రాజును వేయకుండా వదిలేశాడు కాబట్టే మన చూపు ఆమె చూపు వెంట బొమ్మ అంచుదాకా పోయి, అక్కడ ఎవరూ లేక మళ్లీ ఆమె ముఖం దగ్గరికే వస్తుంది. ‘శకుంతల ప్రేమను హృద్యంగా చిత్రించాడు’ అంటే వినేవాడు తలూపుతాడు. పాదం కప్పి చూడమంటే లేచి వచ్చి చూస్తాడు.

తప్పు పట్టడానికీ ఇదే షరతు. 1907 ప్రాంతంలో కళా విమర్శకుడు ఆనంద కుమారస్వామి రవివర్మను గట్టిగా విమర్శించాడు. నాటకీయత ఎక్కువ, ఊహ తక్కువ, పురాణ విషయాలను వేసినా భారతీయమైన భావం లేదు, ఇదీ ఆయన అభియోగం. అంతటి పండితుడి మాటనైనా మన షరతు దగ్గర నిలబెట్టవచ్చు. నాటకీయత అన్నది నిలుస్తుంది. శకుంతల నిలబడ్డ తీరు అడవి దారిలో ఆగినట్టు కాదు, తెర లేచాక స్టేజి మీద నిలబడ్డట్టే ఉంటుంది. కాళిదాసు నారచీర కట్టిన పిల్లకు రవివర్మ మెత్తగా మడతలు పడే గుడ్డ కట్టాడు. ఇవి చూపించవచ్చు. ‘భారతీయమైన భావం లేదు’ అన్నదానికి వేలు ఎక్కడ పెడతాం? ఆ మాట వెనక అప్పట్లో బెంగాల్లో నడుస్తున్న స్వదేశీ వాదం ఉంది. అది తెలుసుకోవలసిన సంగతే. కానీ అది బొమ్మలో లేదు, బొమ్మ చుట్టూ ఉంది. నా మట్టుకు నాకు రవివర్మ లక్ష్మీ సరస్వతుల కంటే ఈ శకుంతలే ఇష్టం. వాళ్లిద్దరూ మనల్నే చూస్తూ ఉంటారు, ఈ పిల్లకు మనం ఉన్నామనే ధ్యాసే లేదు.

ఇప్పుడు మీ కొలీగ్ తలకోన. బొమ్మ నేను చూడలేదు కాబట్టి తీర్పు చెప్పను, మీరు ఏం చూడాలో చెబుతాను. ముందు తెలుపు సంగతి. పారదర్శకమైన వాటర్ కలర్లో తెల్లరంగు వాడరు, తెల్లగా కనబడేది వదిలేసిన కాగితమే. జలపాతం రావాలంటే నీళ్లను వేయకూడదు. చుట్టూ రాయినీ చెట్లనీ వేసుకుంటూ వచ్చి నీళ్ల చోటును కాపాడుకోవాలి. బ్రష్ ఒక్కసారి అటు జారిందా, ఆ తెలుపు మళ్లీ అంత తెల్లగా రాదు. కొందరు చివర్లో చిక్కటి తెల్లరంగు పూస్తారు. అది నేరమేమీ కాదు గానీ, పక్కనుంచి వెలుతురులో చూస్తే పూసిన తెలుపు కాగితం మీద మందంగా తేలుతుంది, వదిలిన తెలుపులో కాగితం గరుకే కనబడుతుంది. ఆయన ఏ దారి పట్టాడో చూడండి.

ఆ తర్వాత ఎత్తు. తలకోనలో నీళ్లు 270 అడుగుల పైనుంచి పడతాయి. కాగితం మీద అది జానెడో, మూరెడో. అంత ఎత్తని మనకు ఎలా అనిపిస్తోంది? కింద ఒక మనిషిని చిన్నగా వేశాడా? పైకి పోయేకొద్దీ రాళ్ల రంగు పలచబడిందా? నీటి ధార పైకొస కాగితం దాటి పోయిందా? వీటిలో ఒక్కో దాన్ని కప్పి చూడండి. ఏది కప్పితే జలపాతం పొట్టిదైపోతుందో అదే మీరు మాట్లాడవలసిన విషయం. నీళ్లు కింద పడేచోట అంచు కత్తిరించినట్టు ఉందా, తడి మీద తడి వేసి కరగనిచ్చాడా అన్నది కూడా చూసుకోండి.

మీ ప్రసంగంలో ఇలాంటి వాక్యాలుంటే చాలు. ‘ఈ బొమ్మలో సార్ నీళ్లు వేయలేదు, రాయి వేశారు. వదిలేసిన కాగితమే నీళ్లయింది. అదిగో, కింద కూర్చున్న మనిషి గోరంత ఉన్నాడు కాబట్టి మనకు తల పైకెత్తాలనిపిస్తోంది.’ నిజంగా ఉన్నవే చెప్పాలి సుమా, నేను రాశానని బొమ్మలో లేని మనిషిని కూర్చోబెట్టకండి.

లోపం కనబడితే మైకులో చెప్పాలా? నేనైతే చెప్పను. ప్రదర్శన ఆయన ఇంటి శుభకార్యం లాంటిది, భార్యాపిల్లలు ముందు వరసలో ఉంటారు. ముందురోజే ఆయన్ను పక్కకు పిలిచి, ‘కుడివైపు చెట్లన్నీ ఒకే పచ్చగా ఉన్నాయి, నా చూపు అక్కడ నిలవడం లేదు’ అనండి. మైకులో మీకు కనబడిన మంచి చెప్పండి. కనబడని మంచి మాత్రం చెప్పకండి.

ప్రశ్న: ఇల్లు కట్టుకున్నాం. హాల్లో పెట్టుకోవడానికి కలంకారీ బొమ్మ కొందామని శ్రీకాళహస్తి వెళ్లాం. రామాయణం వేసిన పెద్ద గుడ్డ చూపించారు. ముఖాలన్నీ ఒకేలా ఉన్నాయి, చేతులు కాళ్లు లెక్కగా లేవు, ఎనాటమీ లేదని ఉన్నమాట అన్నాను. వేసినాయన ముఖం చిన్నబోయింది. మా ఆవిడ ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. నేనన్నది తప్పా?
ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ ఆవిడ కోపం సంగతి నా పరిధిలోది కాదు సార్. బొమ్మ సంగతికి వస్తే, మీరన్నవి బొమ్మలో ఉన్నవే, చూపించగలిగినవే. కానీ ఆయన చేయబూనని పనిని చేయలేదని తప్పు పట్టారు. కామసూత్రాలకు వ్యాఖ్యానం రాసిన మన పాత పండితుడు యశోధరుడు చిత్రానికి చెప్పిన ఆరు అంగాల్లో ప్రమాణం ఒకటి, సాదృశ్యం వేరే ఒకటి. కొలతకు నిలవడం వేరు, కంటికి కనబడినదాన్ని పోలి ఉండటం వేరు. కలంకారీలో రాముణ్ణి ముఖం పోలికతో కాదు, నీలి ఒంటితో, కిరీటంతో, విల్లుతో గుర్తుపడతాం. ముఖాలు ఒకేలా ఉండటం ఆ సంప్రదాయం పెట్టుకున్న కట్టుబాటు.

మరి దేన్ని చూసి మంచీ చెడూ చెప్పాలి? గీతను చూసి. అందుకు ఆ గీత ఎలా పడుతుందో తెలియాలి. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. పాలలో కొవ్వు ఉండబట్టి రంగు పక్కకు పాకదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు పలచగా గీసుకుంటారు. ఆ తర్వాత కలం. కొన చెక్కిన వెదురు పుల్లకు కాస్త పైన ఉన్నో గుడ్డో ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండ రంగునీళ్లు పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కేకొద్దీ కొనకు దిగుతుంది. నల్లగీతకు వాడేది బెల్లం, ఇనుప ముక్కలు నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసిన ద్రవం. అందులోని ఇనుము గుడ్డకు పట్టిన కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. ఇక చెరపడానికి లేదు. రబ్బరు పెన్సిలు పెట్టుకుని బొమ్మలు వేసిన నాలాంటివాడికి ఇది తలచుకుంటేనే చెయ్యి వణుకుతుంది.

ఈసారి వెళ్లినప్పుడు భుజంనుంచి మోచేతిదాకా దిగే గీతను చూడండి. ఒక్క ఊపులో వచ్చిందా, మధ్యలో కలం ముంచడానికి ఆగిన చోట అతుకు కనబడుతోందా? ఉండను నొక్కిన బిగువును బట్టి గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది. ఆ లావు ఒంటి మలుపు ఉన్నచోటే పడిందా, ఎక్కడపడితే అక్కడ పడిందా? తర్వాత ఎరుపు. ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీళ్లు రాస్తారు. ఆ తర్వాత ఎర్రరంగు దిగే వేర్లూ చెక్కా వేసిన నీళ్లలో గుడ్డను ఉడికిస్తే, పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. పటిక రాసేటప్పుడు చెయ్యి గీత దాటిందో లేదో ఉడికాక గానీ బయటపడదు. అందుకని పెదవుల దగ్గర, చీర అంచుల దగ్గర ఎరుపు గీత లోపలే ఆగిందా అని చూడటం న్యాయమైన పరీక్ష.

పెద్ద గుడ్డ అయితే కథ నడకనూ చూడాలి. మధ్యలో పట్టాభిషేకం లాంటి పెద్ద ఘట్టం, చుట్టూ చిన్న గడులు, కొన్నిటికి తెలుగులో రాసిన వరసలు ఉంటాయి. ఒక గడి నుంచి పక్క గడికి కన్ను తడుముకోకుండా పోతోందా? గడి గడికీ మనుషుల గుంపు కూర్పు మారుతోందా, లేక ఒకే వరసను మళ్లీ మళ్లీ నిలబెట్టారా? ముఖాలు ఒకేలా ఉండటం కట్టుబాటు. గుంపులు కూడా ఒకేలా ఉంటే అది బద్ధకం, అక్కడ మీరు నిక్షేపంగా మాట అనవచ్చు.

కొనేముందు ఇంకో పని చేయండి. అంచులో ఒకే పువ్వు రెండు చోట్ల ఉంటే పక్కపక్కన పోల్చండి. వెంట్రుకవాసి కూడా తేడా లేకపోతే అది చెయ్యి కాదు, అచ్చు. చేతితో గీసినవాడు ఒకే పువ్వును రెండుసార్లు వేయలేడు. మచిలీపట్నం కలంకారీ చెక్క అచ్చులతోనే వేస్తారు, దాని అందం దానిది. అచ్చును అచ్చుగా అమ్మితే ఎవరికీ గొడవ లేదు.

విష్ణుధర్మోత్తర పురాణంలో బొమ్మల గురించి చెప్పే చిత్రసూత్రంలో ఒక శ్లోకం ఉంది. బొమ్మలో ఆచార్యులు గీతను మెచ్చుకుంటారు, వివేకం గలవాళ్లు వెలుగునీడల్ని, స్త్రీలు ఆభరణాలను, మిగిలిన జనం రంగుల నిండుదనాన్ని మెచ్చుకుంటారని. ఆ మూడో ముక్క రాసినాయన శ్రీకాళహస్తిలో వాకిట్లో కూర్చుని కలం పట్టిన ఆడవాళ్లను చూసి ఉంటే కొట్టేసేవాడు. మొదటి ముక్క మాత్రం నాకిప్పటికీ నిజమనిపిస్తుంది. ముందు గీతను చూడటం అలవాటైతే రంగు మనల్ని అంత సులభంగా మోసం చేయలేదు.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. రోజూ ఏదో ఒక బొమ్మ వేసి ‘బాగుందా అమ్మా?’ అని అడుగుతుంది. బాగుందంటే ‘నువ్వు చూడకుండానే అన్నావు’ అంటుంది. లోపం చెబితే ముఖం మాడ్చుకుంటుంది. ఏం చెప్పాలి?
ఒక తల్లి, పలమనేరు

జవాబు: పిల్ల సరిగ్గా పట్టుకుంది తల్లీ. స్టవ్ కట్టేసి, బొమ్మ చేతిలోకి తీసుకుని, మీ చూపు ఎక్కడ ఆగిందో చెప్పండి. ‘ఈ కుక్క తోక దగ్గర ఆగాను’ అంటే చాలు, ఎందుకలా వేసిందో తనే చెబుతుంది. మెప్పు కంటే అది ఎక్కువ ఇష్టం పిల్లలకు. లోపం చెప్పాలనుకుంటే ప్రశ్నగా అడగండి: ‘ఇల్లు ఎండలో ఉంది కదా, నీడ ఎటు పడుతుంది?’ పెన్సిలు మాత్రం మీరు అందుకుని దిద్దవద్దు. పక్కింటి పిల్ల బొమ్మ ప్రస్తావన అసలే వద్దు.

ప్రశ్న: మోడరన్ ఆర్ట్ చూస్తే నాకు ఒళ్లుమంట. నాలుగు రంగులు పులిమి లక్షలు అడుగుతారు. మా మనవడు కూడా వేస్తాడు అలాంటివి. వీటిని విమర్శించడానికి ఏమైనా ఆధారం ఉందా మాస్టారూ?
ఒక రిటైర్డ్ ఉద్యోగి, తిరుపతి

జవాబు: లక్షల సంగతి బజారుది, దాన్ని బొమ్మ మీద రుద్దకండి. ధర చూసి మెచ్చుకోవడం ఎంత తప్పో, ధర చూసి మండిపడటం కూడా అంతే. ఆధారం ఉంది, మీకు బాగా తెలిసినదే. పొద్దున్నే కపిలతీర్థం వైపు వీధుల్లో నడుస్తారు కదా, వాకిళ్లలో మెలికల ముగ్గులు చూడండి. ‘దీని అర్థమేమిటమ్మా?’ అని ఎవరూ అడగరు. అయినా ‘ఆ మూల చుక్క తప్పింది’, ‘ఈ మెలిక సాగిపోయింది’ అని ప్రతి ఇల్లాలూ చెప్పగలదు. దేనిలాగా ఉందని కాకుండా, దాంట్లో ఒకటి ఇంకోదానితో ఎలా కుదిరిందని చూస్తున్నామన్నమాట.

వాసుదేవ్ గైతోండే (1924–2001) అని గొప్ప చిత్రకారుడు. రోలర్‌తో, ప్యాలెట్ నైఫ్‌తో పొర మీద పొర వేసి, గీకి, మళ్లీ వేసేవాడు. ఆయన బొమ్మలో పై రంగు కింది నుంచి ఇంకో రంగు వెలుగులా బయటికి వస్తుంది. అది బాగుందో లేదో మీ ఇష్టం. కానీ పొరలు చూడకుండా ‘పులిమాడు’ అంటే మాట నిలవదు. మీ మనవడి బొమ్మ విషయంలో చిన్న పరీక్ష: అదే బొమ్మ మళ్లీ వేయమనండి. ఏ రంగు ఎక్కడ పెట్టాలో గుర్తుపెట్టుకుని వేశాడంటే, దయచేసి వాడికి మంచి కాగితాలు కొనిపెట్టండి.

అన్నట్టు, పులిమినవి కూడా ఉంటాయి, బోలెడు. చేత్తో సగం కప్పినా ఏమీ పోని బొమ్మలు నేను చాలానే చూశాను.

ప్రశ్న: ఫోన్లో చూసి బొమ్మ గురించి మాట్లాడటం సరైనదేనా? అసలు బొమ్మలు మనకు దగ్గర్లో ఎక్కడ చూడాలి?
ఒక డిగ్రీ విద్యార్థి, చంద్రగిరి

జవాబు: కూర్పు గురించి మాట్లాడటానికి ఫోన్ చాలు. పైన శకుంతలను అలాగే చూశాం. పరిమాణం, రంగు, రంగు పూత గురించి మాట్లాడాలంటే చాలదు. గోడంత బొమ్మా అరచేతంత బొమ్మా ఫోన్లో ఒకటే సైజు. ఇది కొత్త సమస్య కూడా కాదు. రవివర్మ 1894లో ప్రెస్ పెట్టి అచ్చు వేయించిన పటాలే మన ముత్తాతల ఇళ్లకు చేరాయి. రవివర్మ రంగుల మీద చాలామంది చెప్పే తీర్పులు నిజానికి అచ్చు రంగుల మీద తీర్పులు.

మీ ఊళ్లోనే రాజమహల్ మ్యూజియం ఉంది, కానీ అక్కడివి శిల్పాలు, కంచు విగ్రహాలు. గీత చూడటం నేర్చుకోవడానికి అవీ పనికొస్తాయి. నడుము వంపును వేలితో గాలిలో గీసి చూడండి. తిరుపతిలో టీటీడీ సంప్రదాయ శిల్ప కళాశాలలో కలంకారీ కూడా నేర్పుతారు, విద్యార్థుల పని ప్రదర్శనకు పెట్టినప్పుడు వదలకండి. శ్రీకాళహస్తి పక్కనే. సెలవుల్లో వీలైతే లేపాక్షి. వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మలున్నాయి. ఒక చిన్న అద్దం తీసుకెళ్లి చేతిలో పట్టుకుని అందులో చూడండి, మెడ నొప్పి తప్పుతుంది.

రవివర్మ అసలు చిత్రాలకు చెన్నై ఎగ్మూరు మ్యూజియం దగ్గర. పొద్దున రైలెక్కితే రాత్రికి తిరిగి రావచ్చు. అన్నీ చూసేయాలని పరుగెత్తకుండా రెండు మూడు బొమ్మల దగ్గర నిలబడి పేర్ల జాబితా రాసుకోండి. బయల్దేరే ముందు చిత్రాల గ్యాలరీ తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. శుక్రవారం మాత్రం వెళ్లవద్దు, ఆ రోజు మ్యూజియం సెలవు.